గుండెలో రంధ్రానికి మైటోకాండ్రియా చుక్కలా?

ప్రశ్న: మా పాపకు ఐదు నెలలు. గుండెలో వీఎస్‌డీ (కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం) ఉంది, రంధ్రం పెద్దదే అన్నారు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 4.6. పాలు తాగేటప్పుడు బాగా చెమట పడుతోంది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయని చదివాం. నా వల్లే ఇలా అయిందా? మైటోకాండ్రియాకు మంచిదని రెండు నెలలుగా కోఎంజైమ్‌ క్యూ10 చుక్కలు వేస్తున్నాం. అవి పనిచేస్తాయేమోనని ఎకో (గుండె స్కాన్‌) వాయిదా వేశాం. మైటోకాండ్రియా పరీక్ష చేయించాలా?

జవాబు: చూడమ్మా, ఆ పరీక్ష సంగతి తర్వాత. ముందు ఎకో. ఐదు నెలలకు బరువు దాదాపు రెట్టింపు కావాలి, మీ పాప అక్కడికి రాలేదు. చెమట కూడా ఉందంటే రంధ్రం గుండా రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా వెళ్తోందేమోనని నా అనుమానం. పాపను చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఈ వారంలోనే పిల్లల గుండె డాక్టరుకు చూపించండి. నిద్రలో నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 50 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు తాగలేకపోతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

మీ వల్ల కాదు. మైటోకాండ్రియాకు ఉండే సొంత డీఎన్‌ఏ తల్లి నుంచి వచ్చే మాట నిజమే. అందులో ఉన్నవి 37 జన్యువులే. మైటోకాండ్రియా పనికి కావలసిన మిగతా వెయ్యికి పైగా జన్యువులు కణకేంద్రకంలో ఉంటాయి, అవి ఇద్దరి నుంచీ వస్తాయి. పైగా మైటోకాండ్రియా జబ్బుల్లో మేం ఎక్కువగా చూసేది గుండె కండరం మందం కావడం, నీరసించడం, లయ తప్పడం. ఎడమ జఠరిక (గుండె ఎడమవైపు కింది గది) ఎదగని పిల్లల్లో వీటి పాత్రపై పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, రంధ్రం ఒక్కటే ఉంటే మా అనుమానం మొదట అటు పోదు. ఫిట్స్‌, ఒళ్లు మెత్తబడటం, కండరం బలహీనత లాంటివి తోడైతే జెనెటిక్‌ పరీక్ష గురించి మీ డాక్టరే చెబుతారు.

నన్ను బాధపెట్టింది ఆ రెండు నెలలు. ఏ చుక్కలూ గుండె గోడను పూడ్చవు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి, పేరు మాత్రం చుక్కలకు వస్తుంది. పెద్దదాన్ని వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు ఒత్తిడికి గట్టిపడతాయి. ఒక దశ దాటితే రంధ్రం మూయడమే ప్రమాదం. అందుకే ఇలాంటివాటికి సాధారణంగా మొదటి ఏడాదిలోనే ఆపరేషన్‌ చేస్తారు. డాక్టరు రాసిన మందులేవైనా ఉంటే ఆపకండి, మోతాదు మార్చకండి.

మళ్లీ గర్భం వస్తే 18 నుంచి 22 వారాల మధ్య శిశువు గుండెకు ఎకో చేయించుకోండి. ఇప్పుడు మాత్రం ఆ చుక్కల సీసా వెంట తీసుకెళ్లి, రోజుకు ఎంత వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.