జాబితాలో ఎక్కేది దేశం పేరు, నీ పేరు కాదు

తమ్ముడూ, నువ్వుంటున్న దేశం మనతో నేరస్తుల అప్పగింత ఒప్పందం చేసుకుందని విన్నావు, ఊళ్లో నీ మీద అప్పు గొడవ ఉంది, ఇక పోలీసులు తలుపు తడతారా అని అడిగావు. కొత్తగా వచ్చిన వాళ్లందరిదీ ఇదే కంగారు. చట్టం సంగతి కొంచెం చెప్తా, డబ్బు సంగతి ఎక్కువ చెప్తా. నన్ను ముంచింది డబ్బే మరి.

ఓ స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టి విమానమెక్కినవాణ్ణి నేను. వాడు వాయిదాలు కట్టడం మానేశాడు, ఫోన్లు నాకు మొదలయ్యాయి. అప్పుడు నేను చేసిన ఘనకార్యం నంబరు మార్చేయడం. నోటీసులొస్తే కవరు కూడా చించకుండా సొరుగులో పడేసేవాణ్ణి. అంతలో ఎవరో "ఒప్పందం కుదిరింది, చీటింగ్ కేసు పెడితే నిన్ను ఇక్కణ్ణుంచే పట్టుకుపోతారు" అన్నారు. దాంతో నిద్ర కరువైంది. అప్పగింత జాబితాలోంచి నా పేరు తీయిస్తానని ఒక మధ్యవర్తి దొరికాడు. అడిగినంత ఇచ్చా. మళ్లీ అడిగితే మళ్లీ ఇచ్చా. అసలా జాబితా ఎలా ఉంటుందో చూద్దామన్న బుద్ధి పుట్టలేదు.

తీరా చూస్తే అందులో మనుషులే లేరు. వరసగా ఒప్పందంలో ఉన్న దేశాల పేర్లు, కొన్నిటి కింద వాళ్ల షరతులు: సొంత పౌరులను అప్పగించం, మరణశిక్ష పడే కేసైతే హామీ ఇవ్వాలి, ఇలాంటివి. కొత్త దేశం చేరిందని పాతవాళ్లు చట్టమంతా తిరగరాయరు. 1957లో పారిస్‌లో సంతకాలైన ఐరోపా అప్పగింత ఒప్పందంలో దక్షిణ కొరియా 2011లో చేరింది. ఐర్లాండ్‌లోనైతే 1965 నాటి అప్పగింత చట్టం అలాగే ఉంటుంది, ఏ దేశానికి అది వర్తిస్తుందో ప్రభుత్వం ఉత్తర్వుతో చెబుతుంది. బ్రిటన్‌లో 2003 చట్టం కిందా అంతే. మన 1962 చట్టంలో మూడో సెక్షన్ ఉంది, దాని కింద ఏ దేశానికి వర్తిస్తుందో కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తుంది. మిగతావి ప్రభుత్వ వెబ్‌సైట్లలో చూసుకో, చదువుకున్నవాడివేగా.

అలాగని మరీ ధీమా వద్దు. "నా గొడవ ఒప్పందానికి ముందుది" అని కొందరు గుండెమీద చెయ్యేసుకుని పడుకుంటారు. చాలా ఒప్పందాలు పాత నేరాలకూ వర్తిస్తాయి. రెండు దేశాల మధ్య విడిగా ఒప్పందం లేకపోయినా, ఇద్దరూ సభ్యులైన అంతర్జాతీయ ఒప్పందాన్నే ఆధారం చేసుకునే వీలు మన చట్టంలో ఉంది.

ఇక నీ అప్పు. కట్టలేకపోవడం వేరు, మోసం వేరు. మామూలుగా నిన్ను అప్పగించాలంటే నువ్వు చేసిన పని రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలి, చాలా ఒప్పందాల్లో కనీసం ఏడాది దాకా జైలుశిక్ష పడగలదై ఉండాలి. చెక్ బౌన్స్‌కు మన దగ్గర రెండేళ్ల దాకా శిక్ష ఉంది, చాలా దేశాల్లో అది నేరమే కాదు. దొంగ కాగితాలు పెట్టి అప్పు తీసుకుంటే మాత్రం ఎక్కడైనా నేరమే. నీది ఏ రకమో నువ్వు రాయలేదు. అసలు దాచాల్సింది అదేనేమో, నాకు తెలియదు.

అయితే ఒక్కటి విను. నిన్ను ఎవరూ పట్టుకుపోకపోయినా వడ్డీ ఆగదు. నేను దాక్కున్నన్నాళ్లూ అది పెరుగుతూనే ఉంది. మధ్యవర్తికి పోసింది, లాయరుకు పెట్టింది, చివరికి అసలు, దాని మీద వడ్డీ, అన్నీ నా జీతంలోంచే పోయాయి. రాత్రి షిఫ్టులు కూడా చేసి మొత్తం తీర్చా. ఇవాళ నేను ఎవరికీ పైసా బాకీ లేను, మీ తరం అంత కష్టపడుతుందని నాకు నమ్మకం లేదు.

ముందు ఆ నోటీసుల కవర్లు చించు. ఏ సెక్షనో, ఏ కోర్టో చూసుకుని, ఆ కోర్టు ఉన్నచోటి లాయరుతో ఒకసారి మాట్లాడు. అప్పిచ్చినవాళ్లు వాయిదాలకు ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకో. పేరు తీయిస్తానంటూ ఎవడైనా ఫోన్ చేస్తే, ఏ జాబితాలోంచి అని అడుగు.