పన్ను తీసిన చోట రక్తపు గడ్డే కట్టు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అత్తయ్యకు 62 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే బిళ్లలు వాడుతున్నారు. కింది దవడ పన్ను పుచ్చిపోయింది, తీసేయాలన్నారు. రక్తం ఆగదని పక్కింటివాళ్లు చెబితే నిన్నటి నుంచి ఆ బిళ్లలు మానేశారు. ఆ రోజు ఏమీ తినకుండా తీసుకెళ్లాలా? తీశాక పప్పు తింటే చీము పడుతుందంటారు, నిజమేనా? ఆవిడకు చుట్ట అలవాటు కూడా ఉంది.
– ఓ కోడలు, రాజాం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసి, వెంటనే గుండె డాక్టరుతో మాట్లాడమన్నాను. ఆయన ఆ పూట నుంచే బిళ్లలు మళ్లీ వేయించారని మీరు చెప్పాక నా మనసు కుదుటపడింది. అయినా ఇక్కడ రాస్తున్నానంటే, పన్ను తీయించుకోవడానికి వచ్చేవారిలో ఈ పొరపాటు చేసేవారిని తరచూ చూస్తున్నాను కాబట్టి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి బిళ్లలు స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. చెప్పాపెట్టకుండా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. దవడలో కారే రక్తాన్ని వేలితో నొక్కి ఆపగలను. గుండె నాళంలో గడ్డ కడితే నా వేలు అక్కడికి చేరదు. మా నాన్నగారికీ స్టెంట్ ఉంది. ఆయన పన్ను నేనే తీశాను, రెండు బిళ్లలూ మాన్పించకుండానే. మామూలుగా పది, పదిహేను నిమిషాల్లో తగ్గే రక్తం ఆయనకు నలభై నిమిషాలు పట్టింది. రెండు కుట్లు వేసి, గాజు గుడ్డ మడతపెట్టి, కుర్చీ పక్కనే నిలబడి ఆయన గడ్డం కింద చెయ్యి ఆనించి పట్టుకున్నాను. అంతసేపూ నా కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. ఆగింది. ఒక్క పన్నుకు సాధారణంగా ఇంతే అవసరం. వార్ఫరిన్, ఎసిట్రోమ్ అనే మరో రకం రక్తం పలచబడే బిళ్లలు వాడేవారు మాత్రం పన్ను తీసే ముందు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐ.ఎన్.ఆర్. రక్త పరీక్ష చేయించుకుని, ఆ కాగితం చేత్తో పట్టుకుని రావాలి. ఏ బిళ్ల అయినా ఆపాలో వద్దో చెప్పాల్సింది అది రాసిన డాక్టరే.

ఖాళీ కడుపుతో అసలు తీసుకెళ్లకండి. పన్నుకిచ్చేది ఆ చోటుకు మాత్రమే మత్తు. పొద్దున తొమ్మిది, పది గంటల వేళ అడగండి. ఇడ్లీ తినిపించి, షుగర్ మందు, బీపీ మందు రోజూలాగే వేయించండి. తర్వాత రెండు, మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది. ఆ సమయంలో వేడివి ఇస్తే నోరు కాలినా తెలియదు, పెదవి కొరుక్కున్నా తెలియదు. తిండి తగ్గితే షుగర్ పడిపోవచ్చు కనుక చల్లార్చిన రాగి జావ దగ్గర పెట్టుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే ఆ రోజు మోతాదు గురించి ముందే అడిగి ఉంచండి.

ఇక అసలు సంగతి. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. ఎముకకు, నరాలకు అదే కప్పు, అదే కట్టు. మేం చెప్పే జాగ్రత్తలన్నీ దాన్ని కాపాడటానికే. గుడ్డను అరగంట, ముప్పావుగంట కొరికి పట్టుకోవాలి. నిమిషానికోసారి తీసి చూడకూడదు. ఆ రోజంతా ఉమ్మి ఊయకూడదు, మింగేయాలి. లాలాజలం కాస్త ఎర్రగా వస్తే కంగారు పడకండి. నోటినిండా రక్తం వస్తుంటే మాత్రం కొత్త గుడ్డ పెట్టి, కూర్చోబెట్టి ఇంకో అరగంట కొరికించండి. అప్పటికీ ఆగకపోతే బయలుదేరండి. ఉప్పునీళ్లు మర్నాటి నుంచే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి నోట్లో అటూ ఇటూ తిప్పి, మెల్లగా జారవిడవాలి. గట్టిగా పుక్కిలిస్తే గడ్డ ఊడిపోతుంది.

పప్పు వల్ల చీము పట్టదమ్మా. చీముకు కారణం సూక్ష్మజీవులు. మెత్తగా ఉడికిన పెసరపప్పు కలిపిన అన్నం, పెరుగన్నం నిశ్చింతగా పెట్టండి. కారం మాత్రం నాలుగు రోజులు తగ్గించండి, మండుతుంది. పత్యం పేరుతో పాలూ బ్రెడ్డుతో నీరసించిపోయే పెద్దవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఒకసారి మా అమ్మ వయసావిడ మూడో రోజున చెంప పట్టుకుని వచ్చింది. రక్తం ఆగడానికని గుంటలో కాఫీ పొడి కూరారు. సిరంజితో సెలైన్ కొడుతుంటే నల్లగా ముద్దలు ముద్దలుగా వచ్చింది, అడుగున ఎముక తెల్లగా కనిపించింది. గాలి తగిలితే చాలు, ఆవిడ కాళ్లు ముడుచుకుపోయేవి. పసుపు, కాఫీ పొడి, పొగాకు, ఏదీ గుంటలో పెట్టకండి. తీసిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య నొప్పి తగ్గాల్సింది పెరిగి, చెవిలోకి లాగుతూ, నోరు వాసన వస్తుంటే గడ్డ ఊడిందని అనుమానించాలి. బిళ్లలు మింగుతూ కూర్చోకుండా వెళ్తే కడిగి మందు పెడతారు. మామూలు నొప్పికి పారాసిటమాల్ చాలు. రక్తం పలచబడే మందు వాడేవారు అడగకుండా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకూడదు. దవడ కింద వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి.

చుట్ట సంగతి చివర్లో ఒక్క ముక్కగా రాశారు. నాకు అదే ముఖ్యంగా కనిపించింది. పొగ పీల్చిన ప్రతిసారీ గడ్డ మీద ఒత్తిడి పడుతుంది, పొగ పుండును మాననివ్వదు. కనీసం మూడు రోజులైనా, వీలైతే వారమైనా ఆపించండి. మన శ్రీకాకుళం వైపు పెద్దావిడల్లో చాలామందిలాగే ఆవిడదీ అడ్డపొగ అయితే, నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అలవాటైతే, పన్నుతో పాటు అంగిలినీ టార్చి వేసి చూడమని డాక్టరును అడగండి. ఆ వేడికి అంగిలి మీద తెల్ల మచ్చలు, పుళ్లు వస్తాయి. కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. మొదట్లో నొప్పి ఉండదు కనుక ఎవరూ చెప్పుకోరు. మానాలని ఆవిడకు కోప్పడి చెప్పకండి, కూర్చోబెట్టి అద్దంలో చూపించండి.

ప్రశ్న: పై పన్ను తీస్తే చూపు పోతుందని మా అమ్మ తీయించుకోనంటోంది. ఏం చెప్పాలి?
– ఓ కొడుకు, పాలకొండ

జవాబు: కంటిచూపు నరం వేరు, పంటి నరం వేరు. పన్ను తీయడం వల్ల చూపు పోదు. కళ్లజోడు అవసరమయ్యే వయసులోనే పళ్లూ పోతుంటాయి కాబట్టి ఈ మాట పుట్టి ఉంటుందని నా ఊహ. నిజానికి పుచ్చిన పై కోరపన్నును వదిలేస్తేనే వాపు కంటి దాకా పాకవచ్చు. ఆ మాట చెప్పండి.

ప్రశ్న: రూట్ కెనాల్ అయింది, నొప్పి పోయింది. క్యాప్ తప్పదా?
– ఓ పాఠకుడు, పలాస

జవాబు: దవడ పన్నయితే వేయించుకోవాలండీ. లోపల తొలిచిన పన్ను మునుపటి బలంతో ఉండదు, చిట్లుతుంది. నిలువునా చీలితే ఇక పీకడమే. డబ్బు సర్దుబాటుకు వ్యవధి కావాలంటే మీ డాక్టరుకు మొహమాటపడకుండా చెప్పండి. అప్పటిదాకా జంతికలు, కోడి ఎముకలు ఆ వైపు నమలొద్దు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు ఊడితే మాత్రం ఆ వారంలోనే వెళ్లండి.