ఫత్వా అంటే మా ఇంట్లో ఒక జవాబు కవరు

మీరు మూడు విషయాలు అడిగారు. ఫత్వా అంటే చంపమని ఆర్డరేనా? ఇస్లాంలో ఉంటూ నచ్చనిదాన్ని నచ్చలేదని రాసే వీలుందా? ముస్లింగా మీకెప్పుడైనా ఆ సెగ తగిలిందా? మూడోదానికి జవాబు, తగిలింది. కానీ మొదటిది తేలకుండా అది చెబితే తప్పుగా అర్థమవుతుంది. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నం వన్‌టౌన్‌లో. హార్బరు పక్కన మూడు కొండలుంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదాని మీద ఇసాక్ మదీనా బాబా దర్గా. అబ్బా పోర్టులో క్రేన్ ఆపరేటరు. మేం ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అని చెప్పుకుంటాం గానీ అందులో సగం తెలుగే. ఉర్దూ రాయడం, చదవడం మా నానీతోనే ఆగిపోయింది.

1991లో అబ్బా రిటైరయ్యారు. ప్రావిడెంట్ ఫండ్ చేతికొచ్చింది. అందులో కొంత వడ్డీ. వడ్డీ హరామ్ కదా, ఆ డబ్బు తీసుకోవచ్చా లేదా అని ఆయనకు ఒకటే టెన్షన్. మసీదు ఇమామ్ సాబ్ చేత ఉర్దూలో ఉత్తరం రాయించి, అడ్రసు రాసిన జవాబు కవరు లోపల పెట్టి, హైదరాబాద్‌లో ఒక మదర్సాకు పంపారు. మూడు వారాలకు జవాబు వచ్చింది. పైన ఒక నంబరు, కింద గుండ్రటి ముద్ర. జీతంలోంచి తప్పనిసరిగా కోసుకున్న సొమ్ము మీ చేతికి రాకముందు మీది కాదు, దాని మీద కలిపి ఇచ్చింది వడ్డీ కిందికి రాదు, తీసుకోవచ్చు అని అందులో ఉంది. చివర 'వల్లాహు ఆలమ్'. అంటే, నిజం అల్లాకే బాగా తెలుసు.

మా మామూకి ఇది నచ్చలేదు. ఆయన ఇంకో ఊరి ముఫ్తీకి, అంటే ఫత్వా ఇచ్చే పండితుడికి, రాశారు. అక్కణ్ణుంచి, జాగ్రత్త కోసం ఆ అదనపు డబ్బు పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయడం మంచిది అని వచ్చింది. దాని చివరా వల్లాహు ఆలమే. అబ్బా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక పూట ఆలోచించి, మొదటిదే ఖాయం చేసుకున్నారు. మా ఇంటి మేడ మీద గది ఆ డబ్బుతోనే వేశాం.

ఫత్వా అంటే ఇదీ. ఒకడు అడుగుతాడు, చదువుకున్నవాడు తనకు తెలిసింది చెబుతాడు. ముఫ్తీ చెప్పేది అభిప్రాయం, ఖాజీ ఇచ్చేది తీర్పు, రెండూ వేరు. మన సుప్రీంకోర్టు కూడా 2014 జూలై 7న ఇదే తేల్చింది. ఫత్వాకు చట్టబలం లేదు, ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదు అంది. ఆ కేసుకు మూలమైన ముజఫర్‌నగర్ సంగతి వింటే ఒళ్ళు మండుతుంది. మామ చేతిలో అత్యాచారానికి గురైన కోడలు ఇక భర్తతో కాపురం చెయ్యకూడదని 2005లో దేవ్‌బంద్ మదర్సా నుంచి ఫత్వా వచ్చింది. అడిగింది ఆమె కూడా కాదు, ఒక విలేఖరి. సంబంధం లేనివాళ్ళు అడిగితే ఇలాంటివి ఇవ్వొద్దని కోర్టు హితవు చెప్పింది.

మరి 'ది సెటానిక్ వర్సెస్' నవల రాసిన సల్మాన్ రష్దీ మాటేమిటంటారు. ఆయన్ను చంపమని 1989 ఫిబ్రవరి 14న ఇరాన్ అధినేత ఖొమేనీ రేడియోలో వినిపించింది కూడా ఫత్వా పేరుతోనే వచ్చింది. దానికి విచారణ లేదు, వివరణ అడిగింది లేదు, నిందితుడు అక్కడి పౌరుడు కూడా కాదు. దాన్ని ఫత్వా అంటే, మా అబ్బా దగ్గరున్న కాగితాన్ని ఇంకేదో అనాలి. కానీ ప్రపంచానికి ఆ పేరు దానితోనే అంటుకుపోయింది. జపాన్‌లో ఆ నవలను అనువదించిన హితోషి ఇగరాషీని 1991లో చంపారు. నార్వేలో ప్రచురణకర్త మీద 1993లో కాల్పులు జరిగాయి. 2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలో స్టేజీ మీద రష్దీని పొడిచినవాడికి ఇరవై నాలుగేళ్ళు. ఆ ఫత్వా వచ్చేనాటికి వాడింకా పుట్టలేదు. పుస్తకం ఓ రెండు పేజీలు చదివానని వాడే చెప్పుకున్నాడు. రష్దీకి ఒక కన్ను పోయింది.

ఇక్కడో చిన్న పక్కదారి. ఆ నవల దిగుమతిని మన దేశం ఆపింది ఖొమేనీ కంటే నాలుగు నెలల ముందే, 1988 అక్టోబరులో, కస్టమ్స్ చట్టం కింద. 2024లో ఢిల్లీ హైకోర్టులో ఒకాయన ఆ నోటిఫికేషన్ చూపించమంటే, అది ఎవరి దగ్గరా దొరకలేదు. లేనట్టే అనుకోవాలని కోర్టు కేసు ముగించింది. నేను పనిచేసేది పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో. నోటిఫికేషన్ నంబరు ఒక్క అంకె తప్పితే మాకు కంటైనరు గేటు దాటదు. అలాంటిది ముప్పై ఆరేళ్ళ నిషేధానికి కాగితమే లేకపోవడం చదివి ఆఫీసులో అందరం నవ్వుకున్నాం.

సరే, నా సంగతి. 2003లో నేనొక కథ రాశాను. విశాఖలోనే వచ్చే ఒక చిన్న మాసపత్రికలో అచ్చయింది. తలాక్ అయిన ఒకామె తన మెహర్, అంటే పెళ్ళప్పుడు భర్త ఇస్తానన్న సొమ్ము, ఇప్పించమని అడగడానికి జుమా రోజు మసీదు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడుతుంది. పెద్దలు ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కుని ఆమెను చూడనట్టు వెళ్ళిపోతారు. అంతే కథ. గొప్ప కథేం కాదు, ఇప్పుడు చదివితే చివర్లో ఆమె చేత చెప్పించిన డైలాగు నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అచ్చయిన పది రోజులకు ఇషా నమాజ్ అయ్యాక ముగ్గురు ఇంటికొచ్చారు. ముందున్నది మా వీధి చాచానే. చిన్నప్పుడు నాకు ఈద్‌కి ఈదీ ఇచ్చిన మనిషి. అమ్మీ చాయ్ తెచ్చింది. ఎవరూ ముట్టలేదు. మసీదు పరువు బజారుకెక్కించావు, కాఫిర్లు నవ్వుకుంటున్నారు అన్నారు.

"కథ చదివారా చాచా?" అనడిగాను.

"చదవక్కర్లేదు. చదివినవాళ్ళు చెప్పారు."

తరువాత ఆయన అన్న మాట మీరడిగిన ప్రశ్నకు నేరుగా సంబంధించింది. "హైదరాబాద్ నుంచి నీ మీద ఫత్వా తెప్పిస్తా" అన్నారు. దానికి నాకేం భయం వెయ్యలేదు. ఫత్వా ఎలా వస్తుందో మా ఇంట్లో తెలుసు, జవాబు కవరు పెట్టాలి. కానీ గడప దాటుతూ, అబ్బా వైపు తిరిగి, మెల్లగా, "రేపు మీ ఇంటి జనాజా ఎవరు మోస్తారో చూసుకో భాయ్" అన్నారు. జనాజా అంటే పాడె. అప్పుడు అబ్బా ముఖం చూశాను. అప్పటికే ఆయన రెండుసార్లు గుండె ఆసుపత్రికి వెళ్ళొచ్చిన మనిషి.

దానికి తోడు చెల్లికి శ్రీకాకుళం సంబంధం కుదిరి, నెలలో మంగ్నీ. వాళ్ళ చెవిన పడితే ఏమవుతుందో ఎవరూ నోరు విప్పి అనలేదు. అనక్కర్లేదు. వారం తిరక్కుండా పత్రికకు నాలుగు లైన్ల క్షమాపణ రాసిచ్చాను. 'ఎవరి మనోభావాలైనా గాయపడి ఉంటే' అనే వాక్యం ఉంటుందే, అదే. సంపాదకుడు వద్దన్నాడు, నేనే బతిమాలి వేయించాను. ఏ ఫత్వా రాలేదు, ఎవరూ నన్ను కొట్టలేదు, పోలీసు కేసు లేదు. కథ మాత్రం పోయింది. ఆ తరువాత పద్నాలుగేళ్ళు నేను మా వీధి గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఆ రోజుల్లోనే మా ఇమామ్ సాబ్, అదే అబ్బాకు ఉత్తరం రాసిపెట్టినాయన, అసర్ నమాజ్ తరువాత నన్ను ఆపి ఒక మాట చెప్పారు. ఖురాన్ నాలుగో సూరా, 140వ ఆయత్. అల్లా వాక్యాలను ఎవరైనా ఎగతాళి చేస్తుంటే వాళ్ళ దగ్గర కూర్చోకండి, వాళ్ళు వేరే మాటలోకి వెళ్ళేదాకా, అని ఉంది. "లేచి వెళ్ళిపొమ్మన్నాడు బేటా. మాట మారాక మళ్ళీ కూర్చోవచ్చు కూడా" అన్నారు. 'ధర్మంలో బలవంతం లేదు' అనే రెండో సూరా ఆయత్ అందరూ చెబుతారు, ఇది చెప్పేవాళ్ళు తక్కువ. అయితే ఇంత చెప్పినాయన మసీదులో నా తరఫున నోరు తెరవలేదు. ఆయన జీతం ఇచ్చేది ఆ కమిటీయే మరి.

మీ రెండో ప్రశ్నకు, నచ్చలేదని రాసే వీలుందా అన్నదానికి, నిజాయితీగా చెప్పాలంటే సగం జవాబే ఆ ఆయత్‌లో ఉంది. దైవదూషణకు ఈ లోకంలో ఇంత శిక్ష అని ఖురాన్‌లో నాకెక్కడా కనపడలేదు. కానీ హదీసుల్లో, అంటే ప్రవక్త చెప్పారని వచ్చిన మాటల్లో, 'మతం మార్చుకున్నవాణ్ణి చంపండి' అనే మాట ఉంది, పాత ఫిఖా (ధర్మశాస్త్ర) గ్రంథాలు దాని మీదే శిక్షలు కట్టాయి. అది లేదని దాచిపెట్టి, 'ఇస్లాం అంటే శాంతి' అని ఊరుకునేవాళ్ళ మీద నాకు విసుగు. ఆ పాత మాటలకు వాటి కాలం, వాటి యుద్ధాలు ఉన్నాయని వాదించిన పండితులూ ముస్లింలే, దెబ్బలు తిన్నదీ వాళ్ళే. ఈజిప్టులో నస్ర్ అబూ జైద్ ఖురాన్‌ను భాషాశాస్త్రంతో చదివినందుకు 1995లో కోర్టు ఆయన్ను మతభ్రష్టుడని తేల్చి, ఆయన పెళ్ళి కూడా రద్దు చేసింది. మొగుడూ పెళ్ళాం కలిసే దేశం విడిచిపోయారు. నోబెల్ వచ్చిన అక్కడి రచయిత నజీబ్ మహఫూజ్‌ను 1994లో మెడ మీద పొడిచారు. అలీగఢ్‌లో కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ మీద కాఫిర్ అని ఫత్వాలు వచ్చాయి. ఇప్పుడు మా వాళ్ళ పిల్లలకు అలీగఢ్‌లో సీటొస్తే వీధిలో మిఠాయి పంచుతారు.

తెలుగు నేల మీద కూడా చూశాం. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ పుస్తకం తెలుగు అనువాదం విడుదలవుతుంటే మజ్లిస్ ఎమ్మెల్యేలు, కార్యకర్తలు మీద పడ్డారు. నేను ఆ సాయంత్రం జగదాంబ దగ్గర ఒక టీ కొట్లో టీవీలో చూశాను. పూల బొకేలు, చేతికందిన వస్తువులు ఆమె మీదికి విసురుతున్నారు. తరువాత కేసు ఆమె మీద కూడా పెట్టారు. నా పక్కనున్న కొలీగు, మంచివాడే, "ఏటి భాయ్, మీవోళ్ళు ఇలాగేటి?" అన్నాడు. నేను టీ గ్లాసు కింద పెట్టి, "ఏమో గురూ" అన్నాను.

ఆ 'ఏమో'లో ఇంకో భయం ఉంది, అది ముస్లిం కానివాళ్ళకు కనపడదు. ఇంట్లో నోరు తెరిస్తే ద్రోహి. బయట తెరిస్తే ఆ మాటే తీసుకుని మా అందర్నీ కొడతారు. 2017లో మూడు తలాక్‌ల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఒకాయన ఎక్కడో నా పాత కథ పట్టుకుని, మళ్ళీ వేస్తానని ఫోన్ చేశాడు. ఏ శీర్షికతో అనడిగాను. 'మసీదు గుమ్మంలో నరకం' అన్నాడు. వద్దన్నాను. నా కథలో నరకం లేదు, చెప్పులు తొడుక్కునే మనుషులున్నారు. కానీ ఆ ఫోన్ పెట్టేశాక మళ్ళీ రాయడం మొదలుపెట్టాను, నా శీర్షికలు నేనే పెట్టుకోవచ్చు కదా అని.

చాచా సంగతి చెప్పలేదు. అబ్బా 2009లో పోయారు. జనాజా ముందువైపు మోసినవాళ్ళలో ఆయనున్నారు. కబరస్తాన్ దాకా భుజం మార్చుకోలేదు.

నిరుడు ఆయనే ఒక రోజు కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చారు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కుర్చీలో కూర్చుని నమాజ్ చేస్తే చెల్లుతుందా అని ముఫ్తీని అడగాలట, ఇప్పుడు ఫోన్లోనే అడగొచ్చట కదా, నువ్వు రాసిపెట్టు అన్నారు. రాసిపెట్టాను, ఒక మదర్సా వెబ్‌సైట్లో. వారానికి జవాబు వచ్చింది. నేల మీద కూర్చోగలిగినవాళ్ళు కుర్చీ వాడకపోవడమే మంచిది, నేల మీదే ఎలా వీలైతే అలా కూర్చుని చెయ్యండి, వల్లాహు ఆలమ్, అని.

చదివి వినిపించాను. ఆయన కాసేపు మోకాలు నిమురుకుని, "కూర్చుంటాను సరే, మళ్ళీ లేపేదెవరు? వీళ్ళకేం తెలుసురా. ఇంకో చోట అడుగు" అన్నారు.