ఓపీ చీటీ యాప్ గీస్తున్న స్వాతికి

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

చివరి సంవత్సరం ప్రాజెక్టుగా నువ్వు ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకునే ఫోన్ యాప్‌కు తెరలు రూపొందిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. తోటివాళ్లంతా కోడింగ్ చేస్తుంటే ఇది బొమ్మలు గీస్తానంటోందని ఆమె బెంగ. ఉద్యోగ జీవితమంతా ఆ బొమ్మల పనిలోనే గడిపిన నాకు లోలోపల గర్వంగానే ఉన్నా, నీ స్వభావం తెలిసినదాన్ని కాబట్టి ఒక భయమూ పట్టుకుంది.

తేలిక సంగతులు ముందు ముగిస్తాను. ఒక ఉదయమంతా ఓపీ కౌంటరు దగ్గర నిలబడి చూడు. మొదటి తెరలను కాగితం మీద పెన్సిలుతోనే గీయి, కంప్యూటర్లో తెరలు గీసే ఆ ఫిగ్మా ఎక్కడికీ పోదు. 1996లో పామ్ సంస్థ వారి ‘పైలట్’ అనే జేబు కంప్యూటర్ మార్కెట్లోకి రాకముందు దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్ అదే పరిమాణంలో ఒక చెక్కముక్కను జేబులో వేసుకుని తిరుగుతూ, అవసరమైనప్పుడల్లా దాని మీద రాస్తున్నట్టు నటించి చూసుకునేవాడు. పారేయడానికి మనసొప్పేంత చవకగా ఉండాలి నమూనా. ఫిగ్మాలోకి వెళ్లాక బటన్లను 48 డీపీకి (డీపీ అంటే ఆండ్రాయిడ్ తెరల మీద వాడే కొలత) తగ్గనివ్వకు, అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు వ్యత్యాసం (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉంచు, ఇంగ్లీషు వరుసలకు ఇచ్చినంత ఖాళీయే తెలుగుకూ ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయని మరిచిపోకు. పుట్టిన తేదీ బదులు వయసు అడుగు, మన పల్లెల్లో పెద్దవాళ్లు చాలామంది తేదీ చెప్పలేరు.

ఇక నా భయం. నీకు జాలి ఎక్కువ. చిన్నప్పుడు తమ్ముడు కూడికల దగ్గర తడబడితే ఓర్చుకోలేక జవాబు నువ్వే చెప్పేసేదానివి. వాడికి మార్కులు వచ్చాయి గానీ లెక్కలు రాలేదు. నమూనాను మనుషుల ముందు పెట్టే రోజున ఆ గుణమే నీకు అడ్డం వస్తుంది.

నేను పనిచేసిన ఒకచోట బిల్లులు కట్టే యంత్రానికి తెరలు తయారయ్యాయి. వాటిని పరీక్షించడానికి కూర్చోబెట్టిన కుర్రవాడు నీలాగే మంచివాడు. ఒక పెద్దావిడ వచ్చి, తెర పైభాగాన గుండ్రంగా ఉన్న సంస్థ గుర్తును బటన్ అనుకుని నొక్కింది. ఏమీ జరగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. అతను ఉండబట్టలేక, "ఇక్కడమ్మా" అంటూ వేలు పెట్టి చూపించాడు. ఆవిడ అక్కడ నొక్కింది, రసీదు వచ్చింది, అతను తన కాగితంలో ‘పూర్తయింది’ అని రాసుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్లలోనూ పలువురు అక్కడే ఆగారు, వాళ్లందరికీ ఆ వేలే దారి చూపింది, నివేదికలో మాత్రం యంత్రం అందరికీ సులువుగా ఉన్నట్టు తేలింది. ఊళ్లలో యంత్రాలు పెట్టాక వాటి పక్కన ఆ వేలు లేదు. జనం గుర్తును నొక్కి నొక్కి విసిగి, తిరిగి కౌంటరు వరుసలోనే నిలబడ్డారు. ఆనాడు ఆ పెద్దావిడ వెళ్తూ, "నాకు చదువు చాలదు బాబూ" అంది. తెర చేసిన తప్పును ఆవిడ తన మీద వేసుకుంది, మేము వేసుకోనిచ్చాం.

కనుక నువ్వు చేతులు కట్టుకుని కూర్చోవాలి తల్లీ. పరీక్ష వాళ్లకు కాదని, నువ్వు గీసిన తెరలకని ముందే చెప్పు. "అపాయింట్‌మెంట్ నొక్కండి" అని తెర మీది మాటనే అందించకు; "మోకాలి నొప్పికి రేపు డాక్టరుకు చూపించుకోవాలి" అని పని మాత్రం అప్పగించు. "ఇది నొక్కాలా అమ్మాయ్?" అని అడిగితే, "నేను పక్కన లేకపోతే ఏం చేసేవారు?" అని మెల్లగా తిరిగి అడుగు. వేలు ఎక్కడ ఆగిందో, కళ్లు ఎటు వెతికాయో రాసుకో. చివర్లో "బాగుందమ్మా" అనేది మర్యాదకు అనే మాట, దాన్ని లెక్కలో వేయకు. ఎవరైనా నిజంగా నొచ్చుకుంటే మాత్రం అక్కడితో ఆపి, లోపం నీ తెరదేనని వాళ్లకు స్పష్టంగా చెప్పు. నొప్పితో వరుసలో నిలబడిన రోగులను కదపకు. ఖాళీగా కూర్చున్న తోడువాళ్లను అనుమతి అడుగు, వాళ్ల ముఖాలు వీడియో తీయకు.

పదిహేనుమందిని ఒకేసారి పరీక్షించడం కంటే ఐదుగురితో చూసి, దిద్ది, మళ్లీ వేరే ఐదుగురి ముందు పెట్టడం మేలని, తెరలు వాడటానికి ఎంత సులువో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. ఈ పద్ధతి నీకున్న సమయానికి సరిపోతుంది. మొదటి ఐదుగురిలో నన్ను చేర్చుకో, కళ్లజోడు తీసేసి కూర్చుంటాను. మీ నాన్నను మాత్రం చేర్చకు, కూతురు ఏది గీసినా ఆయనకు బ్రహ్మాండంగానే ఉంటుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ