టెక్ సందేహాలు: కొలత లేని చోట రంగు ఎందుకు?

ఈసారి సముద్రం మీద ప్రశ్నలు వెల్లువెత్తాయి. ఓడలు, తేలియాడే పరికరాలు ఎక్కడ పడితే అక్కడ తీసిన కొలతలను గళ్ల పటంగా మార్చబోయి చిక్కుల్లో పడ్డవారు రాసినవే అన్నీ. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాను.

ప్రశ్న: సముద్రంలో తేలుతూ, మునుగుతూ కొలతలు తీసే ఆర్గో ఫ్లోట్ల ఉష్ణోగ్రత కొలతలను సీఎస్‌వీ ఫైలుగా మార్చుకున్నాను. పైథాన్‌లో సైపై లైబ్రరీ అందించే గ్రిడ్‌డేటా ఫంక్షన్‌తో, క్యూబిక్ పద్ధతిలో, ఉష్ణమండల సముద్రంలో 100 మీటర్ల లోతుకు పటం గీశాను. ఒకచోట ఉష్ణోగ్రత వేల డిగ్రీలు చూపిస్తోంది, ఇంకోచోట సున్నా కంటే కిందికి దిగింది. అంచులు ఖాళీగా వచ్చాయి. ఫంక్షన్‌లోనే లోపం ఉందా?

జవాబు: ఫంక్షన్ పాపం మీరిచ్చిన అంకెలను నమ్మింది, అంతే. ముందు ఆ ఫైలులో 99999 కోసం వెతకండి. ఆర్గో ఫైళ్లలో కొలత లేనిచోట ఆ అంకెను ఉంచుతారు. ఆర్గో కొలతలు మొదట వచ్చే నెట్‌సీడీఎఫ్ ఫైలును ఎక్స్‌అర్రే వంటి లైబ్రరీతో తెరిస్తే అది ఖాళీ అని దానికి తెలుస్తుంది. సీఎస్‌వీకి మార్చే దారిలో మాత్రం మామూలు కొలతలా చొరబడగలదు. అలాంటిది ఒక్కటి మిగిలినా చాలు, దాని చుట్టూ ఉల్లిపాయ పొరల్లా వలయాలు పుట్టుకొస్తాయి. ప్రతి కొలత పక్కనా నాణ్యతను తెలిపే సంకేతం కూడా ఉంటుంది. 1 అంటే బాగుందని, 2 అంటే బహుశా బాగుందని. ఈ రెండే ఉంచుకుని 3, 4 ఉన్నవాటిని పక్కన పెట్టండి.

సున్నా కంటే కిందికి దిగడం వేరే సంగతి. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల దాకా గడ్డకట్టదు కాబట్టి ధ్రువాల దగ్గర అది వింతేమీ కాదు. ఉష్ణమండలంలో వచ్చిందంటే, చెడ్డ అంకెలు తీసేశాక కూడా మిగిలిందంటే, క్యూబిక్‌ను అనుమానించాలి. ఆ పద్ధతి ఉపరితలాన్ని నున్నగా తీర్చాలని చూస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు ఫ్లోట్ల మధ్య రెండు డిగ్రీల తేడా ఉంటే అక్కడ వాలు నిటారుగా తయారవుతుంది. ఆ వాలు కొలతలు లేని ప్రాంతంలోకి జారి, ఎవరూ కొలవని లోయలు తవ్వుతుంది. లీనియర్ పద్ధతి చూడటానికి మొరటుగా ఉన్నా, త్రిభుజం మూడు మూలల్లోని విలువలను ఎన్నడూ దాటదు. మొదటిసారి గీసేవారు దానితోనే మొదలుపెట్టడం మేలు.

అంచుల్లో ఖాళీ తప్పేమీ కాదు. ఈ ఫంక్షన్ చుక్కలను త్రిభుజాలుగా కలుపుతుంది. అన్నిటికంటే బయటి చుక్కల గీత దాటాక త్రిభుజమే లేదు. అక్కడ 'నియరెస్ట్'తో, అంటే దగ్గరి చుక్క విలువనే అంటించి, నింపమని సలహా ఇచ్చేవారుంటారు. వినకండి.

మరో రెండు సంగతులు. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లే. రేఖాంశంలో ఒక డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర అంతే ఉన్నా, 60 డిగ్రీల అక్షాంశానికి చేరేసరికి సగమవుతుంది. ధ్రువాల వైపు పనిచేస్తుంటే స్థానాలను ముందు కిలోమీటర్లలోకి మార్చాలి, లేదంటే త్రిభుజాలే వంకరగా వస్తాయి. ఇక లోతు: ఆర్గో ఇచ్చేది మీటర్లు కాదు, డెసిబార్లలో పీడనం. పైపొరల్లో రెండూ దాదాపు సమానమే. ముందు ప్రతి ప్రొఫైల్‌నూ, అంటే ఫ్లోట్ ఒకసారి పైకి వస్తూ తీసిన కొలతల వరుసను, విడిగా మీకు కావలసిన లోతుకు తెచ్చుకోండి. అందుకు సైపైలోనే ఉన్న పీచిప్ పద్ధతి వాడితే ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పొర దగ్గర లేనిపోని ఎగుడుదిగుళ్లు రావు.

ప్రశ్న: గడి ఎంత చిన్నదైతే పటం అంత కచ్చితం కదా? నేను 0.05 డిగ్రీలు పెట్టాను, మా గైడ్ ఒక డిగ్రీ చాలంటున్నారు.

జవాబు: మీ గైడ్ పక్షమే నాది. ఆర్గో వ్యవస్థను మూడు డిగ్రీల పొడవు, మూడు డిగ్రీల వెడల్పు ఉన్న ప్రాంతానికి ఒక ఫ్లోట్ చొప్పున రూపొందించారు. ఒక్కో ఫ్లోట్ వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి కొలుచుకుంటూ పైకి వస్తుంది. మూడు వందల కిలోమీటర్లకొకటి ఉన్న చుక్కల నుంచి ఐదు కిలోమీటర్ల వివరం రాబట్టాలంటే ఎవరి తరం? ఫైలు బరువెక్కుతుంది, సుడులు కనిపిస్తున్నాయన్న భ్రమ కలుగుతుంది.

గడి కంటే ముఖ్యమైనది ప్రభావ దూరం, అంటే ఒక చోటి కొలత ఎంత దూరం దాకా చెల్లుతుందన్న లెక్క. చెదురుమదురు కొలతల నుంచి మధ్య చోట్ల విలువలను అంచనా వేసేందుకు సముద్ర శాస్త్రంలో ఎక్కువగా వాడే ఆప్టిమల్ ఇంటర్‌పోలేషన్‌కు ఇదే ఆయువుపట్టు. సోవియట్ వాతావరణ శాస్త్రవేత్త లెవ్ గాండిన్ 1963లో తన పుస్తకంలో ఈ పద్ధతిని వివరించాడు. బ్రెథర్టన్, డేవిస్, ఫాండ్రీ 1976లో సముద్ర పరిశీలనలకు అన్వయించారు. గనుల రంగంలో క్రిగింగ్ అనే పద్ధతికీ దీనికీ లెక్క దాదాపు ఒకటే.

ఇందులో నేరుగా ఉష్ణోగ్రతను పరచరు. ఆ చోట, ఆ నెలలో ఉండే దీర్ఘకాలిక సగటును ముందు తీసేసి, మిగిలిన తేడాను పరిచి, చివర్లో సగటును తిరిగి కలుపుతారు. ఉదాహరణకు ఒక ఫ్లోట్ సగటు కంటే ఒక డిగ్రీ వేడి చూపించిందనుకోండి. ప్రభావ దూరం 300 కిలోమీటర్లుగా తీసుకుని, గంట ఆకారపు గాస్ వక్రం ప్రకారం లెక్కిస్తే, వంద కిలోమీటర్ల అవతల ఆ వేడిమి 0.89 డిగ్రీలుగా, 300 దగ్గర 0.37గా, 600 దగ్గర 0.02గా మిగులుతుంది. అంటే 600 కిలోమీటర్ల అవతల మీ పటం చూపేది ఈ నెల సముద్రాన్ని కాదు, పాత సగటును. చూసేవారికి ఆ తేడా తెలియదు, ఎందుకంటే రంగు రెండు చోట్లా అంతే నిండుగా ఉంటుంది! అందుకే ఈ పద్ధతి విలువతో పాటు ఇచ్చే దోష పటాన్ని, అంటే ఏ గడిలో అంచనా ఎంత తప్పవచ్చో చూపే పటాన్ని, పారేయకండి. దోషం హద్దు మీరిన గళ్లను తెల్లగా వదిలేయండి. ఆ పని చేయని పటాలను నేనైతే నమ్మను.

ప్రశ్న: పనామా దగ్గర లవణీయత పటం గీస్తే కరీబియన్ ఉప్పదనం పసిఫిక్ వైపు కారిపోయింది. నేల భాగాన్ని మాస్క్ చేసినా (కప్పేసినా) పోలేదు.

జవాబు: మీరు మాస్క్ చేసింది బొమ్మను, లెక్కను కాదు. ఆ సన్నటి నేలకు అటూ ఇటూ ఉన్న చుక్కల మధ్య గాలిలో దూరం తక్కువ కాబట్టి, ప్రోగ్రామ్ వాటిని ఇరుగుపొరుగుగా లెక్కగట్టింది. రెండు సముద్రాలకూ విడివిడిగా లెక్క చేసి తర్వాత కలపడం సులువైన దారి. ఇంకా మెరుగైనది కావాలంటే బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయంలో తయారైన డీవా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది తీరరేఖను లెక్కలోనే గోడగా నిలబెడుతుంది. జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ నుంచి వచ్చిన ఓషన్ డేటా వ్యూ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే డీవా ఉంది, కోడ్ రాయనక్కర్లేదు. పసిఫిక్‌లోనే ఇంకో ఉచ్చు ఉంది: 179, మైనస్ 179 రేఖాంశాల మధ్య దూరం రెండు డిగ్రీలే, కంప్యూటర్‌కు మాత్రం 358. రేఖాంశాలను 0 నుంచి 360కి మార్చుకుంటే సరి.

ప్రశ్న: ఓడ మార్గం వెంట తీసిన వేల లోతు కొలతలను పటాలు గీసే సాఫ్ట్‌వేర్ జీఎంటీలోని, చుక్కల నుంచి గళ్లు నింపే సర్ఫేస్ ఆదేశానికి ఇస్తే పటం నిండా చారలు.

జవాబు: ఓడ దారిలో కిక్కిరిసిన చుక్కలు, దారికి అటూ ఇటూ శూన్యం. ముందు బ్లాక్‌మీడియన్ నడిపి ఒక్కో గడికి ఒక్కో విలువ మిగల్చండి. తర్వాత టెన్షన్ విలువ, అంటే ఉపరితలాన్ని ఎంత బిగించాలన్న అంకె, చూడండి: ఏమీ చెప్పకపోతే అది సున్నా, అంటే ఉపరితలం ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. నిటారు వాలులున్న సముద్రగర్భానికి 0.35 దగ్గర మొదలుపెట్టమని జీఎంటీ వివరణ పుస్తకమే చెబుతుంది. ఈ ఆదేశం గళ్లన్నీ నింపేస్తుంది కాబట్టి, కొలతలకు దూరంగా ఉన్నవాటిని గ్రిడ్‌మాస్క్‌తో తీసేయాలి.

ప్రశ్న: ఇదంతా ఎక్సెల్‌లో చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. చేయకండి.

ప్రశ్న: చివరికి నా పటం సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? పది శాతం చుక్కలను దాచి, మిగతావాటితో గీసి, దాచినవాటితో పోల్చాను. తేడా చాలా తక్కువ వచ్చింది.

జవాబు: ఏ చుక్కలు దాచారన్నది అసలు సంగతి. ఓడ దారిలో నుంచి అక్కడొకటి ఇక్కడొకటి ఏరితే, దాచిన ప్రతి చుక్కకూ కిలోమీటరు దూరంలోనే తోడు చుక్కలు మిగిలి ఉంటాయి. తేడా తక్కువ రాక ఏమవుతుంది? ఒక ప్రయాణాన్ని మొత్తంగా, లేదా ఒక ఫ్లోట్ చరిత్రను మొత్తంగా దాచి మళ్లీ పోల్చండి. ప్రభావ దూరాన్ని 200, 300, 400 కిలోమీటర్లుగా మార్చుతూ ఇదే పరీక్ష నడిపి, ఏ దూరానికి తేడా తక్కువ వస్తే దాన్ని ఉంచుకోండి. ఆ తేడా ఎంతో పటం కింద రాయడం మరచిపోకండి.