పరాయి దేశంలో ముస్లింగా బతకడానికి ముందుగా ఏం నేర్చుకోవాలి?

"ఇంగ్లండ్‌లో ఉద్యోగం వచ్చింది, కుటుంబంతో వెళ్తున్నాను. అక్కడ నమాజు, హలాల్ తిండి, దీన్ (మతం) చదువు ఎలా సాగుతాయి? ముందుగా ఏం నేర్చుకుని వెళ్లాలి?" అని అడిగారు. లండన్‌కు నైరుతిన ఉన్న సర్రే ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఉంటున్నవాడిగా చెబుతున్నాను.

నమాజు గురించి, తిండి గురించి బెంగ పెట్టుకోకండి. హలాల్ మాంసం దొరకని పట్టణం ఇక్కడ అరుదు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నపు జుహర్, సాయంత్రపు అసర్, పొద్దుగుంకాక మగ్రిబ్, ఈ మూడు నమాజులూ ఆఫీసు వేళల్లోనే, నాలుగు గంటల వ్యవధిలో వచ్చిపడతాయి. పై అధికారికి మొదటి వారంలోనే చెప్పండి, ఏదో ఒక ఖాళీ గది చూపిస్తారు. దాచిపెట్టి మెట్ల కింద నమాజు చదువుకునేవాళ్లకే ఇబ్బంది. వేసవిలో చిక్కు వేరు. మే నెలాఖరు నుంచి జూలై మూడో వారం దాకా ఇక్కడ సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల కిందికి దిగడు, రాత్రంతా ఆకాశం అంచున వెలుగు మిగిలే ఉంటుంది. రాత్రి నమాజు ఇషాకు, తెల్లవారుజాము నమాజు ఫజర్‌కు వేళ ఆ వెలుగును బట్టే కుదరాలి, అందుకే ఒక్కో మసీదుది ఒక్కో లెక్క. రంజాన్ పండుగదీ ఇదే గొడవ. నెలవంక కనబడిందన్న సౌదీ ప్రకటన చూసి ఒకరు పండుగ చేసుకుంటే, పక్క వీధివాళ్లు మరుసటి రోజు చేసుకుంటారు. ఒకే బడిలో చదివే పిల్లల్లో సగంమంది కొత్త బట్టలతో, సగంమంది ఉపవాసంతో ఉన్న రోజులు నేను చూశాను. పెద్దలు కూర్చుని తేల్చుకోవలసిన ఈ విషయాన్ని ఏటా పిల్లల నెత్తిన రుద్దడం నాకు బాధగా ఉంటుంది. మీరు మాత్రం ఇంటికి దగ్గరలోని మసీదు లెక్కను పట్టుకుని, దాని మీదే ఉండండి.

ఇక మీ అసలు ప్రశ్న, ముందుగా ఏం నేర్చుకోవాలన్నది. నా జవాబు ఒక్కటే. మయ్యత్‌కు (మృతదేహానికి) గుసుల్ (స్నానం) చేయించడం, కఫన్ (తెల్లబట్ట) చుట్టడం, జనాజా (అంత్యక్రియల) నమాజు చదివించడం నేర్చుకుని రండి. మీరూ, మీ భార్యా ఇద్దరూ.

కొన్నేళ్ల కిందట ఒక శనివారం ఉదయం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "అన్నా, మీరు తెలుగు ముస్లిం అని ఎవరో చెప్పారు. మా గదిలో అబ్బాయి రాత్రి నిద్రలోనే చనిపోయాడు. పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. మాకు ఏం చేయాలో తెలియడం లేదు." చనిపోయిన అబ్బాయిది కడప వైపు పల్లె. దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పై చదువుకు వచ్చి, అది పూర్తయ్యాక సరైన ఉద్యోగం కోసం వెతుక్కుంటూ రాత్రిపూట గిడ్డంగిలో పనిచేస్తున్నాడు. గదిలో ఉండే మిగతావాళ్లందరూ హిందూ కుర్రవాళ్లు. వాళ్లే మా మసీదు గురించి, నా గురించి ఆరా తీసి పట్టుకున్నారు.

ఇక్కడ వయసులో ఉన్నవాళ్లు హఠాత్తుగా పోతే విషయం కరోనర్ అనే విచారణాధికారి దగ్గరికి వెళ్తుంది. ఆయన అనుమతి లేనిదే దేహం చేతికి రాదు. పోస్టుమార్టం అంటే కోయడమేనని భయపడతాం గానీ, కొన్నిచోట్ల స్కానింగుతోనే కారణం తేల్చే వీలుంది. దానికి డబ్బు చాలాచోట్ల మనమే కట్టుకోవాలి. ఖననం త్వరగా జరగాలన్న మన మాటకు ఇక్కడ విలువ ఉంది. ఉత్తర లండన్‌లో ఒక కరోనర్ మతం కారణంగా ఎవరి కేసునూ ముందుకు జరపనని నియమం పెడితే, 2018లో హైకోర్టు ఆ నియమం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ వ్యాజ్యం వేసింది యూదుల ఖనన సంఘం. వాళ్లు పోరాడి సాధించినదాని ఫలితం ఈ రోజు మనమూ అనుభవిస్తున్నాం. యూదుల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడే మనవాళ్లకు ఈ సంగతి నేను తప్పకుండా చెబుతాను.

ఆ అబ్బాయి విషయంలో కరోనర్ కార్యాలయం నుంచి మాట్లాడిన ఆవిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. మనసు కష్టపెట్టింది మనవాళ్లే. ఇక్కడి మసీదులకు చాలావాటికి మయ్యత్ కమిటీలు ఉంటాయి. కుటుంబానికి ఇంత అని ఏడాదికోసారి చందా కడితే, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఖర్చంతా కమిటీ చూసుకుంటుంది. మంచి ఏర్పాటు. కానీ ఒంటరిగా వచ్చిన విద్యార్థులకు దాని గురించి చెప్పేవాడు ఉండడు. "సభ్యుడు కాదు కదా" అని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన అబ్బాయి ఇంటికి ఫోను చేసి ఉర్దూలో మాట్లాడాడు. అవతల ఆ తల్లికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన ఫోను నా చేతికిచ్చి, "ఉర్దూ రాదట, వీళ్లు ముస్లింలేనా?" అని అడిగాడు. కొడుకు పోయిన తల్లి ఆ మాట వినే ఉంటుంది. తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి, రోజాలు (ఉపవాసాలు) ఉండి, తెలుగులోనే దువా (ప్రార్థన) చేసుకున్న కుటుంబాలు మావి. ఇస్లాం ఉర్దూలో దిగలేదు. ఈ మాట మీరూ ఇక్కడ చాలాసార్లు చెప్పవలసి వస్తుంది, గట్టిగానే చెప్పండి.

ఆ తల్లితో నేనే మాట్లాడాను. దేహాన్ని ఊరికి పంపాలా, ఇక్కడే ఖననం చేయాలా అన్నది తేలాలి. పంపాలంటే ఏమేం అవుతుందో దాచకుండా చెప్పాను. దేహం ఇంగ్లండ్ దాటడానికి కరోనర్ పత్రం కావాలి. భారత హైకమిషన్‌లో పాస్‌పోర్టు రద్దు చేయించి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. దేహం చెడిపోకుండా రసాయనాలు ఎక్కించాలి, ప్రత్యేకమైన పెట్టెలో పెట్టాలి. ఆ తర్వాత విమానం, విమానాశ్రయం నుంచి మళ్లీ అంబులెన్సు. ఎంత తొందరపడినా రోజులు పడుతుంది. జనాజాను ఆలస్యం చేయవద్దని హదీసు (ప్రవక్త మాట) ఉంది. ఉహుద్ యుద్ధంలో అమరులైనవారిని పడిన చోటే ఖననం చేయమని ప్రవక్త (స) ఆదేశించారు. ఇదంతా విని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడిని కోయవద్దు, మందులు ఎక్కించవద్దు. నీళ్లు పోసేది మన మనిషే అయి ఉండాలి. ముఖం ఒక్కసారి చూపించు నాయనా, చాలు" అంది.

గుసుల్ మసీదు వెనక గదిలో జరిగింది. నీళ్లు జారిపోయేలా వాలుగా ఉన్న స్టీలు బల్ల, గోడకు గోరువెచ్చని నీళ్ల గొట్టం, పక్కన ఇంకో బల్ల మీద ఒకదానిపై ఒకటి పరిచిన మూడు తెల్లని బట్టలు. మాకు నేర్పిన పెద్దాయన గుజరాతీ. నలభై ఏళ్లుగా జీతం లేకుండా ఈ పని చేస్తున్నాడు. నాభి నుంచి మోకాళ్ల దాకా కప్పిన గుడ్డ క్షణం కూడా తొలగకూడదని, ఆ గుడ్డ కిందనుంచే తొడుగు వేసుకున్న చేతితో కడగాలని చూపించాడు. ముందు పొట్టను మెల్లగా నొక్కి శుభ్రం చేయాలి. తర్వాత వుజూ, అంటే నమాజుకు ముందు చేసినట్టు ముఖం, కాళ్లూచేతులూ కడగడం. తర్వాత తల, కుడి పక్క, ఎడమ పక్క. చివరి నీళ్లలో కర్పూరం. "నీళ్లు నీ మణికట్టు మీద పోసుకుని చూడు. నీకు వేడి అనిపిస్తే అతనికీ వేడే" అన్నాడు. అబ్బాయిని పక్కకు తిప్పినప్పుడు అతని భుజం నా గుండెకు ఆనింది. చూపుడు వేలి మీద, అట్టపెట్టెల అంచులు కోసుకున్న గాట్లు ఇంకా మానలేదు.

కుడి మోచేతి పైన నల్లతాడు, దానికి వెండి తాయెత్తు. ఏదో దర్గాలో కట్టించి ఉంటారు. సాయానికి వచ్చిన ఒక యువకుడు అది చూడగానే షిర్క్ (దేవుడికి సాటి కల్పించే పాపం) అంటూ మొదలుపెట్టాడు. పెద్దాయన చేతిలో పని ఆపకుండానే, "ఇక్కడ చూసినది ఏదీ ఈ గది దాటకూడదు. తీసి పక్కన పెట్టు, నీళ్లు పట్టు" అన్నాడు. ఆ యువకుడు మళ్లీ నోరెత్తలేదు. తాయెత్తు సరైనదా కాదా అన్న చర్చ చేయవలసిన చోటు వేరే ఉంది. బిడ్డ దూరదేశం పోతున్నాడని ఒక తల్లి కట్టించినదాన్ని అతని దేహం ముందే తప్పుపట్టేవాడికి దీన్ ఎంత తెలిసినా నాకు అతని మీద గౌరవం కలగదు.

శ్మశానానికి గదిలోని స్నేహితులు వచ్చారు. "మేము పట్టుకోవచ్చా అన్నా?" అని అడిగారు. రమ్మన్నాను. ఇమామ్ కూడా పక్కకు జరిగి చోటిచ్చాడు. వాళ్లలో ఒకరు అబ్బాయి తల్లికి వీడియో కాల్ కలిపి, మూత మూసేముందు ముఖం చూపించారు. శ్మశానంలో ఫోను ఏమిటని ఎవరో గొణిగారు. నేను అడ్డంగా నిలబడ్డాను, ఆమె చూసినంతసేపు చూసింది. తర్వాత అందరం మూడేసి గుప్పిళ్ల మట్టి వేశాం.

ఇక్కడ ఖననమైతే దిక్కులేని సమాధి అవుతుందని మన ఊళ్లలో ఒక భయం ఉంది. అది పోగొట్టుకోవాలంటే ఒక ఆదివారం వోకింగ్ దగ్గరున్న బ్రూక్‌వుడ్ శ్మశానానికి వెళ్లండి. హైదరాబాదులో చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా పనిచేస్తూ ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ 1936 నుంచి అక్కడే ఉన్నారు. ఖురాన్‌కు మరో ప్రసిద్ధ ఇంగ్లీషు అనువాదం చేసిన అబ్దుల్లా యూసుఫ్ అలీ సమాధీ అక్కడే. ఆయన 1953 డిసెంబరులో లండన్ వీధిలో మతి స్థిమితం లేని స్థితిలో పోలీసులకు దొరికారు. మరుసటి రోజే ఆసుపత్రిలో, తనవారెవరూ పక్కన లేకుండా కన్నుమూశారు. ఇంటింటా ఆయన అనువాదం చదువుతున్నారు గానీ, బతికుండగా ఆయన తలుపు తట్టినవాళ్లు లేకపోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ఇక్కడి ఆసుపత్రుల్లో చనిపోయిన భారతీయ ముస్లిం సైనికులను వోకింగ్‌లో షాజహాన్ మసీదుకు దగ్గరలో ఖననం చేశారు. ఆ సమాధులను 1960ల చివర బ్రూక్‌వుడ్‌కు మార్చారు. 1889లో కట్టిన ఆ మసీదుకు డబ్బిచ్చింది భోపాల్ బేగం. మనవాళ్లు ఈ మట్టిలోకి చేరడం కొత్త కాదు.

దీన్ చదువు గురించి అడిగారు కాబట్టి ఇదీ చెప్పాలి. ఇక్కడి కుర్రవాళ్లు వీడియోలు చూసి నమాజులో చేతులు ఛాతీ మీద కట్టాలా, నాభి కింద కట్టాలా అని గంటలు గంటలు వాదించుకుంటారు. కఫన్ బట్టలు ఏ వరసలో పరవాలో అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఫర్జె కిఫాయా అంటే కొందరు చేస్తే అందరి మీదా బాధ్యత తీరుతుంది, ఎవరూ చేయకపోతే ఊరంతా దోషులే. మన ఊళ్లో ఆ కొందరు ఎప్పుడూ ఉంటారు, అందుకే మనం నేర్చుకోలేదు. ఇక్కడ ఆ కొందరు మీరే కావలసి రావచ్చు. పుస్తకం చదివితే ఇది రాదు, ఒక పెద్ద మనిషి పక్కన నిలబడి చూడాలి. మీ ఊరి మసీదులో గుసుల్ చేయించే ఆయన ఉంటాడు. ప్రయాణానికి ముందు ఒక్కసారైనా ఆయన వెంట వెళ్లండి.

వచ్చాక మొదటి నెలలోనే మయ్యత్ కమిటీలో చేరండి. చందా మీ జీతంలో లెక్కలోకి రానంత చిన్నది. ఏ కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) పరిధిలో ఉంటున్నారో చూసుకోండి, బయటివాళ్ల దగ్గర సమాధి స్థలానికి చాలా కౌన్సిళ్లు రెండు మూడు రెట్లు తీసుకుంటాయి. ఎక్కడ ఖననం కావాలో, ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద రాసి, భార్యకు ఒకటి, ముస్లిం కాని స్నేహితుడికి ఒకటి ఇవ్వండి. నా భార్యకు మొదట్లో భయం ఉండేది, ఇప్పుడు ఆడవాళ్ల గుసుల్‌కు పిలుపు వస్తే ఆమే వెళ్తోంది. మా ప్రాంతంలో మగవాళ్లకు నేర్పేవాళ్లు బాగానే ఉన్నారు గానీ ఆడవాళ్లకు చాలా తక్కువ. ఉన్నవాళ్లూ పెద్దవాళ్లైపోతున్నారు. తెలుగు తెలిసినవాళ్లు అసలే లేరు. మీరు సర్రే వైపు వస్తుంటే కింద రాయండి, మీ ఇంటావిడను గుసుల్ నేర్పే తరగతికి మా ఆవిడే వెంటబెట్టుకుని తీసుకెళ్తుంది.