యు-505 మీద నువ్వు పంపిన కథనం చదివాక

తమ్ముడూ,

యు-505 అనే ఆ రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సబ్‌మెరైన్ మీద నీ కథనం నిన్న రాత్రే చదివేశా. బానే రాస్తావు. కానీ "ఆ తర్వాత కొన్ని ఫలితం లేని ప్రయాణాలు జరిగాయి" అని ఒక్క లైన్ పడేసి 1943 మొత్తం ఎగ్గొట్టి నేరుగా అమెరికన్లు దాన్ని పట్టుకున్న 1944 జూన్ 4కి దూకేసావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం ఆ లైన్ కోసమే.

నీ పేజీల్లో ఏముంది? హాంబర్గ్‌లో కట్టారు, 1941 ఆగస్టులో నేవీలోకి తీసుకున్నారు, 8 ఓడలు ముంచింది, అమెరికన్లు పట్టుకున్నారు, ఇప్పుడు షికాగో మ్యూజియంలో ఉంది. ఇది ప్రమోషన్ కోసం పెట్టుకున్న అప్లికేషన్‌లా ఉందయ్యా. నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, యుద్ధం గురించి రాసేటప్పుడు గెలిచిన రోజులు ఎవడైనా రాస్తాడు, పని చెడిపోయిన రోజులు రాయి.

1942 నవంబర్‌లో కరీబియన్ సముద్రంలో ట్రినిడాడ్ దీవి దగ్గర బ్రిటిష్ హడ్సన్ విమానం ఒకటి ఎంత కిందకొచ్చి బాంబులేసిందంటే ఆ పేలుడుకి విమానమే పోయింది, యు-505 కొన్నాళ్ళు నీటి అడుగుకి దిగడానిక్కూడా పనికిరాకుండా పోయింది. అంత దెబ్బ తిని ఇల్లు చేరిన జర్మన్ సబ్‌మెరైన్ ఇంకోటి లేదంటారు. ఫ్రాన్స్‌లో లోరియాం రేవులో రిపేరుకే నెలలు పట్టింది. ఇక 1943 వేసవి అంతా ఇదే తంతు, బయల్దేరడం, ఎక్కడో లీకు, వెనక్కి రావడం, మళ్ళీ బయల్దేరడం. డాక్‌యార్డులో పనిచేసే ఫ్రెంచివాళ్ళు వెల్డింగుల్లో, ట్యాంకుల్లో కావాలనే లోపాలు పెట్టేవాళ్ళు. కమాండర్ పీటర్ చెక్ మీద రేవులో జోకులు కూడా, ఈయనొక్కడే ఎప్పుడూ క్షేమంగా తిరిగొస్తాడని. ఆ ఏడాది మే ఒక్క నెల్లోనే జర్మన్లవి 40కి పైగా సబ్‌మెరైన్లు పోయాయి తెలుసా. అంటే వీళ్ళు మునిగిపోవాలని కోరుకున్నవాళ్ళు పెట్టిన లోపాలే వీళ్ళని ఆ సముద్రంలో ఎక్కువ రోజులు ఉండనివ్వలేదు, నన్నడిగితే బతికించాయి కూడా. ఇంతకంటే ఏం కావాలి నీకు?

చెక్‌కి మాత్రం అది సరిపోలేదు. అక్టోబర్ 24న డెప్త్ చార్జీలు, అంటే నీళ్ళలోపల పేలే బాంబులు, పడుతుండగానే కంట్రోల్ రూమ్‌లో, తన మనుషుల మధ్యే కాల్చుకుని చనిపోయాడు. ఫస్ట్ ఆఫీసర్ పాల్ మేయర్ అక్కడికక్కడే బాధ్యత తీసుకుని బోటుని లోరియాం చేర్చాడు. నీ కథనంలో ఈ ఇద్దరి పేర్లే లేవు.

ఎందుకు లేవో నాకు తెలుసులే. యాక్షన్ లేదంటారని భయం. నేను కొత్తల్లో పెళ్ళికార్డులు ప్రూఫ్ చూసుకుని బతుకుతూ, రేవులో మూలపడ్డ ఒక టగ్ బోటు మీద రాసి జిరాక్సుకి డబ్బుల్లేక ఉన్న ఒక్క కాపీ ఒక వీక్లీకి పంపితే, ఇందులో ఏం జరగట్లేదు కదండీ అన్నాడు ఆ ఎడిటరు, కాపీ వెనక్కివ్వలేదు, కొన్నాళ్ళకి అదే టగ్‌కి తుఫాను తగిలించి ఇంకెవరితోనో రాయించి వేసుకున్నాడు. ఇప్పుడు ఎడిటర్లు పోయి వీడియోల వాయిస్ ఓవర్ జబ్బు వచ్చింది, పేరా చివర "కానీ అప్పుడే..." అని ఆపడం. నీకూ అంటుకుంది, చూసుకో.

పట్టుకున్న సీనులో అమెరికన్లు "సింహాల్లా దూకారు" అన్నావు. దూకి ఏం చేశారు? చుక్కాని బిగుసుకుపోయి బోటు గుండ్రంగా తిరుగుతోంది, జర్మన్లు నీళ్ళలోకి దూకేశారు, లోపలికి నీళ్ళొచ్చేస్తున్నాయి, లుకోసియస్ అనే మెకానిక్ ఆ నీళ్ళొచ్చే చోటికి మూత వెతికి బిగించాడు. తర్వాత ట్రొసీనో అనే ఇంజనీరు డీజిల్ ఇంజిన్లకీ కరెంటు మోటార్లకీ మధ్య లింకు విప్పేశాడు, బోటుని ఓడ వెనక కట్టి లాగుతుంటే ప్రొపెల్లర్లు వాటంతటవే తిరిగి మోటార్లని తిప్పి బ్యాటరీలు చార్జ్ అయ్యాయి, ఆ కరెంటుతో పంపులు నడిపి నీళ్ళు తోడేశారు. సింహం చేసే పనా ఇది?

నువ్వుండేది విశాఖలోనే కదా. ఆర్కే బీచ్‌లో మ్యూజియం చేసిన కుర్సురా సబ్‌మెరైన్ ఉంది, యు-505 కంటే పొడుగే, అయినా లోపల ఎదురుగా మనిషొస్తే ఒరుసుకుంటూ వెళ్ళాలి. మే నెల మధ్యాహ్నం వెళ్ళి, సెల్ఫీలు దిగకుండా, ఒక్కో వాల్వు ఎటు తిరుగుతుందో చూసిరా.

కలం పేరు గురించీ, పోటీల గురించీ అడిగావు, అవి ఇంకోసారి చూద్దాం.

ఇంకో విషయం. పట్టుబడిన సిబ్బందిని లూసియానాలో రస్టన్ క్యాంపులో దాచారు, బోటు పట్టుబడిన విషయం బయటికి పొక్కితే జర్మన్లు తమ రహస్య సందేశాల కోడ్‌లు మార్చేస్తారని రెడ్‌క్రాస్‌ని కూడా వాళ్ళ దగ్గరికి రానివ్వలేదు. అక్కడ జర్మనీలో ఇళ్ళకి మీవాళ్ళు పోయారని కబురెళ్ళిపోయింది. యుద్ధం అయ్యాక, 1947 దాకా అందరూ ఇళ్ళు చేరలేదు. దీనికి కనీసం ఒక పేజీ ఇవ్వు, చోటు చాలకపోతే ముంచిన ఓడల టన్నుల టేబుల్ పీకెయ్. ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపు, నా ఫోన్‌లో ఒత్తులన్నీ విడిపోతున్నాయి.